అంకె పెరిగితే ఎదిగినట్టేనా?

"పిల్లలాడుకునే వీడియో ఆటల్లో నీకెందుకమ్మా పెత్తనం?" అని మా అమ్మాయి అననే అంది. ఎందుకా? కొనిపెట్టేది పెద్దవాళ్ళం, అన్నానికి లేవమని పదిసార్లు పిలిచేదీ పెద్దవాళ్ళమే. ఆ ఆట ఎలా ఉండాలో చెప్పడానికి మాత్రం మనకి నోరుండకూడదా? అందుకని, మా మనవడి పక్కన కూచుని నేర్చుకున్న పోకెమాన్ గురించి నాలుగు మాటలు అనదలుచుకున్నాను.

తెలియనివారికి ఓ ముక్క. టోక్యో శివార్లలో మచిదాలో పెరిగిన సతోషి తజిరి అనే ఆయనకి చిన్నప్పుడు పురుగులు పట్టే పిచ్చి ఉండేది. తరవాత చెరువులూ పొలాలూ పోయి మేడలు లేచాయి. ఆ వేటలో ఉన్న సరదా ఇప్పటి పిల్లలకీ అందాలని ఆయన కల్పించిన ఆట ఇది. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో విడుదలయింది. గడ్డిలో తిరిగి, వింత జంతువుల్ని బంతిలో బంధించి, పెంచి, పోటీకి దింపాలి. మొదట్లో అవి 151. ఇప్పుడు వెయ్యి దాటాయి.

నా పేచీ అంతా ఇక్కడే.

ఆటలో మాజికార్ప్ అని ఓ చేప ఉంది. ఎగిరెగిరి పడడం తప్ప మొదట్లో దానికేమీ చేతకాదు. దాన్నే ఓపిగ్గా ఇరవయ్యో మెట్టుదాకా పెంచితే గ్యారడోస్ అనే మహాసర్పం అవుతుంది. దాన్ని పిల్లలు "ఇవాల్వ్ అయింది" అంటారు. చూశారా, ఒక చేప రెండు చేపలవలేదు. ఉన్నదే రూపం మార్చుకుంది. పిల్లలకి ఇంత చక్కగా చెప్పినవాళ్ళు తమ దాకా వచ్చేసరికి మర్చిపోయారు. కొత్త ఆట అనగానే మరికొన్ని పదుల జంతువులు! పాత గిన్నెలు తోముకోకుండా కొత్తవి కొంటూ పోతే అటక నిండదూ? నిండింది. 2019లో వచ్చిన స్వోర్డ్, షీల్డ్ ఆటల్లోకి పాతవాటన్నిటినీ తెచ్చుకోడానికి వీల్లేదన్నారు. ఏళ్ళ తరబడి ఆటనుంచి ఆటకి మోసుకొచ్చిన జంతువుని గడప బయట నిలబెడితే ఎవరికి కడుపు మండదు? అభిమానులు గోలపెట్టారు. నేను తగ్గించినందుకు తప్పుపట్టను. మిగిలినవాటినైనా శ్రద్ధగా తీర్చిదిద్దమంటాను.

మరోటి, ముద్దు చెయ్యడం. ఇప్పుడు ఒక జంతువు గెలిస్తే వెంట ఉన్నవాటన్నిటికీ ఆ అనుభవం దానంతటదే పంచేస్తుంది ఆట. అంతకుముందు వద్దనుకుంటే ఆపుకునే వీలుండేది. తరవాత అదీ తీసేశారు. అన్నం కలిపి నోట్లో పెడుతూ ఉంటే పిల్లాడు చెయ్యి కడుక్కోవడం ఎప్పుడు నేర్చుకుంటాడు? "చిన్నపిల్లలండీ, సులువుగా ఉండాలి" అంటారు. ఉండనివ్వండి. అప్పుడాడిన పిల్లలకి ఇప్పుడు పిల్లలు పుట్టారు, వాళ్ళూ ఆడుతున్నారు. సులువా, కష్టమా అని మొదట్లోనే ఒక మాట అడిగితే పోయేదేముంది? మనం కారం అడిగి వడ్డించమూ?

ఇక రెండు పెట్టెల సంగతి. మొదటి ఆటనే ఎరుపు, ఆకుపచ్చ అని రెండుగా అమ్మారు. ఒకదాంట్లో దొరికే కొన్ని జంతువులు రెండోదాంట్లో దొరకవు. ఆ రోజుల్లో దానికో అర్థముంది. రెండు గేమ్‌బాయ్‌లకి మధ్య తీగ తగిలించి, పక్కపక్కన కూచుని ఇచ్చిపుచ్చుకోవాలి. కొన్ని జంతువులైతే చేతులు మారితేగాని రూపం మారేవి కావు. పక్కింటి పిల్లాడితో స్నేహం కలిపే ఉపాయం అది! ఇప్పుడో, ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఇంటర్నెట్లో క్షణంలో అయిపోతోంది. తీగ పోయింది, రెండు పెట్టెలు మిగిలాయి. చీర ఒకటే, అంచు మార్చి రెండు బిల్లులు వేస్తే మనం ఊరుకుంటామా? 2022 జనవరిలో లెజెండ్స్ ఆర్సియస్, 2025 అక్టోబరులో లెజెండ్స్ జెడ్-ఎ ఒక్కొక్కటిగానే వచ్చాయి. ఆకాశమేం విరిగిపడలేదు. పైగా ఆర్సియస్‌లో గడ్డిలో నక్కి నక్కి వెళ్ళి బంతి విసరాలి. తజిరిగారి పురుగులవేట మళ్ళీ కళ్ళబడిందంటే నమ్మండి!

అలా ఎదగడం చేతనైనవాళ్ళే అదే ఏడాది నవంబరులో స్కార్లెట్, వయొలెట్ తెచ్చారు. ఎందుకంత తొందర? బొమ్మలు తడబడి, ఆట నత్తనడక నడిస్తే నింటెండో క్షమాపణ చెప్పుకుంది. అయినా మొదటి మూడు రోజుల్లోనే కోటికి పైగా అమ్ముడుపోయాయి. ఉడకని అన్నానికే పంక్తి నిండిపోతే వంటవాడు మంట పెంచుతాడా? అందుచేత ఇందులో మన తప్పూ ఉంది. ఈసారి కొత్తది వస్తోందనగానే మొదటిరోజే కొనిపెట్టకండి. రెండు నెలలు ఆగి, ఎలా ఉందో కనుక్కుని కొనండి. పిల్లలు అలుగుతారు. అలగనివ్వండి, చేప ఇరవయ్యో మెట్టుదాకా ఆగింది కదా!

ఆటలో జంతువు రూపం మారబోతుండగా 'బి' అనే మీట నొక్కితే ఆ మార్పు ఆగిపోతుంది. మావాడు ఎప్పుడూ నొక్కడు. "పెద్దదవనీ అమ్మమ్మా" అంటాడు. కంపెనీవారే ఆ మీటమీంచి వేలు తియ్యడం లేదు. తియ్యండి నాయనా, ఎగిరింది చాలు!