ఆరోగ్యము: నడకకు మితమైన సంకల్పము

ఆషాఢ పౌర్ణమికి సింహాచల గిరిప్రదక్షిణము చేయవలయునని పెందుర్తి ప్రాంతమున పలువురు సంకల్పింతురు. ఆ మార్గము సుమారు 32 కిలోమీటర్లు. అందులకై తొలినాడే గంటలకొలది నడచి, కాళ్లు పీకగా మూడవనాటికి మానుట పరిపాటి. అట్లుగాక, మొదటి వారము దినమునకు 10 నిమిషములే నడువుడు. వారమువారము 5 నిమిషములు హెచ్చించినచో అయిదవ వారమునకు 30 నిమిషములగును. ఊపిరి కొంచెము వేగమగునట్లు వారమునకు 5 దినములు నడచిన 150 నిమిషములు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు విధించిన కనీస పరిమితి యిదియే. ప్రదక్షిణమునకు పోవువారు పిమ్మట దూరమును క్రమముగా పెంచుకొనవలయును. నడచిననాడు గోడ క్యాలెండరుపై గీత గీయుడు. చుట్టములు వచ్చి యొకనాడు తప్పినను, వ్రతభంగమైనదని విడువక మరునాడు మరల బయలుదేరుడు.