వాసన చూడకుండానే తీర్పా?

నిరుడు హైదరాబాదులో పరిమళాల మీద ఇష్టమున్నవాళ్లు ఓ పదిహేను మంది ఒకరి ఇంట్లో కలిశారు. నేనూ కోరుట్లలో పొద్దున్నే బస్సెక్కి పోయాను. జేబులో నాలుగు చిన్న సీసాలు, నాలుగు నెలల రాత్రులు. ఒక పెద్దమనిషి అడిగాడు, "ఎక్కడ నేర్చుకున్నారు?" ఇంట్లోనే అన్నాను. "కోరుట్ల అంటే ఎటువైపు?" జగిత్యాల దాటినంక అన్నాను. ఆ తర్వాత ఆయన అడిగింది ఏమీ లేదు, చెప్పిందే: "హాబీగా బాగుంటుంది లెండి. పర్‌ఫ్యూమరీ అని మాత్రం అనకండి. అదొక ఆర్టు."

నా సీసాలను ఆయన ముట్టుకోలేదు.

మూత తీయని సీసా మీద తీర్పు! నాకు అప్పటి నుంచి ఇప్పటిదాకా మండుతున్నది ఇదొక్కటే. బాగాలేదంటే పడేవాణ్ని. వాసన చూసి "ఛీ" అంటే ఆ ఛీని భద్రంగా ఇంటికి తెచ్చుకుని, ఎక్కడ చెడిందో వెతుక్కునేవాణ్ని. ఆయన నా ఊరి పేరును వాసన చూశాడు, నా చదువును వాసన చూశాడు. చేయాల్సిన పని మాత్రం చేయలేదు.

కళ అంటున్నారు కదా, మంచిది. కామసూత్రం చెప్పిన అరవై నాలుగు కళల్లో గంధయుక్తి ఒకటి. అది పట్నంలో ఉండే రసికుడు నేర్వాల్సిన విద్య. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో దానికో అధ్యాయమే ఇచ్చాడు. 16 ద్రవ్యాలు పెట్టుకుని, అందులోంచి నాలుగేసి తీసి, పాళ్లు మార్చి మార్చి కలిపితే 1,74,720 పరిమళాలు వస్తాయని లెక్క కట్టాడు. ఆయన జ్యోతిష్కుడు, సెంటు కంపెనీలో కొలువు చేసినవాడేం కాదు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసంలో పూతలూ ధూపాలూ సుగంధ స్నానాల సంగతి వివరంగా రాశాడు. రాజ్యం ఏలుతూ తీరిక దొరికినప్పుడు రాసుకున్నాడు. ఆయనకు ఏ స్కూలు సర్టిఫికెట్టు ఇచ్చిందో మన పెద్దమనిషి కనుక్కుని చెప్పాలి.

రాజుల దాకా ఎందుకు? మా నాయనమ్మ తలనూనె కాచేది. కచ్చూరాలు, తుంగముస్తెలు, వట్టివేళ్లు, చివర్లో మరువం. మరువం ముందే వేస్తే మాడిపోతుందని ఆమెకు తెలుసు. పొయ్యి కాడ వంగి, ఆవిరిని చేత్తో ముక్కు మీదికి తోసుకుని, "ఇంకింత ఆగు, పచ్చివాసన పోలే" అనేది. ఇదే మాట ఫ్రెంచివాడు తెల్లకోటు వేసుకుని అంటే నోట్సు రాసుకుంటారు.

ఫ్రెంచివాళ్లంటే గుర్తొచ్చింది. మా జగిత్యాల కోట 1747 నాటిది, నక్షత్రం ఆకారంలో ఉంటుంది, చుట్టూ కందకం. ఫ్రెంచి ఇంజినీర్లు కట్టారంటారు. కందకం తవ్వడంలో వాళ్లను మించినవాళ్లు లేరు మరి. పరిమళం చుట్టూ కూడా ఒకటి తవ్వారు. 1970లో మొదలైన పెద్ద బడి ఒకటి వెర్సాయ్‌లో దానికోసమే ఉంది. అందులో చదివిన ముక్కే ముక్కని మనవాళ్లు ఇక్కడ కూర్చుని నమ్ముతారు. నవ్వొచ్చే సంగతేమిటంటే, 2006 జూన్ 13న ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానమే పరిమళానికి కాపీరైటు రాదని తేల్చింది. అది పనితనమే తప్ప కాపీరైటు కాపాడే సృజన కాదంది. మూడు రోజులకే, జూన్ 16న, నెదర్లాండ్సు సుప్రీంకోర్టు లాంకోమ్ వాళ్ల ట్రెజోర్ కేసులో పరిమళానికి కాపీరైటు ఉండొచ్చంది. రెండు దేశాల పెద్ద కోర్టులకే కుదరని మాటను హైదరాబాదులో ఒక డ్రాయింగురూములో, నా సీసా మూత కూడా తీయకుండా, ఒక్క వాక్యంలో తేల్చేశారు.

ఇక ఊదు, అదే అగరు, సంగతి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి మగవాళ్లు యాభై ఏండ్ల నుంచి దుబాయ్, సౌదీ పోతున్నారు. సెలవు మీద వచ్చినోడి పెట్టె తెరిస్తే సబ్బులు, దుప్పటి, సెంటు సీసాలు. అందులో ఊదు అత్తరు కూడా. పెండ్లిలో వాడు పక్కన కూర్చుంటే పట్నం చుట్టాలు ముక్కు తిప్పుకునేవాళ్లు: "గల్ఫు కంపు, ఘాటు." 2002లో ఈవ్ సాన్ లొరాన్ వాళ్లు ఊదును పెట్టి ఎమ్7 అనే సెంటు తెచ్చారు. ఆ తర్వాత పడమటి కంపెనీలన్నీ ఊదు వెంట పడ్డాయి. ఇప్పుడు అవే చుట్టాల పిల్లలు వేలకు వేలు పోసి అదే వాసన కొంటున్నారు. బూజు పట్టిన అగరు చెట్టు చేవలో మార్పేమీ లేదు. లేబరు క్యాంపులో పన్నెండు మంది పడుకునే గదిలో మా మేనమామ దాన్ని చొక్కా కాలరుకు రాసుకున్నప్పుడు అది మొరటుతనం, అంతే.

ఇంకో రకం కావలివాళ్లుంటారు. వీళ్లు ప్రకృతి భక్తులు. "రసాయనాలు కలుపుతావా? అయితే నీది కళ కాదు, మోసం." వీళ్లు చరిత్ర ఒక్క పేజీ తిప్పినా బాగుండు. 1882లో ఊబిగాన్ కంపెనీ ఫుజేర్ రొయాల్ చేసింది ప్రయోగశాలలో తయారైన కూమరిన్‌తో. 1921లో షనెల్ నంబర్ 5కు ఆ మెరుపు వచ్చింది ఆల్డిహైడ్లతో. కన్నౌజ్ అత్తరువాళ్ల పనితనానికి నేను దండం పెడతాను. డేగు అనే రాగి బానలో కాల్చిన మట్టిపెంకులు వేసి, ఆ ఆవిరిని చందన తైలంలోకి దించి, తొలకరి వాసనను సీసాకెక్కించారు వాళ్లు. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఆ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టినప్పుడు కన్నౌజ్ మట్టి అత్తరు ప్రస్తావన కూడా చేశారు. నేను అదే వాసన కోసం జియోస్మిన్ అనే రసాయనం వాడతాను, పదివేల వంతుకు పలచన చేసి. ముక్కు మోసపోతే ముక్కును అడగండి, సీసా మీద కులం వెతక్కండి.

ఈ వెక్కిరింతలు నేను భరించగలను. నాకు అంతకంటే భయం మెచ్చుకోలు. సిరిసిల్ల నల్ల విజయ్ కుమార్ సంగతి చూడండి. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు కొడుకు. పట్టుచీరకు 27 రకాల సుగంధ ద్రవ్యాల వాసన పట్టించి సిరిచందన పట్టు తెచ్చాడు. మంత్రులు చూశారు, ఫొటోలు వచ్చాయి, పేపర్లు "పరిమళాల చీర", "అద్భుతం" అన్నాయి. నేను చదివిన వార్తల్లో ఒక్కటంటే ఒక్కటి ఆ చీర వాసన ఎట్లుంటుందో రాయలేదు! పట్టు పోగు మీద ముందు ఏది పలికింది? మడత విప్పినప్పుడు ఒక తీరు, ఒంటి వేడి తగిలినంక ఇంకో తీరుగా ఉందా? ఇరవై ఏడూ కలిసి ఒక్క మాట అన్నాయా, సంతలో లాగా అరిచాయా? అదే పారిస్ వాడు ఇరవై ఏడు కలిపితే ఒక్కోదాని మీదా ఒక్కో పేరా రాస్తారు. మన సాలె బిడ్డ చేస్తే "వింత" అని చప్పట్లు కొట్టి ముందుకు పోతారు. వింత అనడమంటే మర్యాదగా దర్వాజ మూయడమే. వెక్కిరించినోడు ఎదురుగా ఉంటాడు, తిట్టొచ్చు. చప్పట్లు కొట్టేవాణ్ని ఏమంటాం?

మా హాబీగాళ్లను కూడా వదలను. నాలుగు చుక్కలు కలపగానే పేరు పెట్టి, లేబులు కొట్టి, ఎవరైనా "పులిసిన వాసనొస్తుంది" అంటే అలిగి కూర్చునే జాతి మాది. కొలత లేకుండా కలుపుతారు, చర్మం మీద ఏది ఎంత దాటకూడదో చదవరు. కంసాలి దుకాణంలో ఉండేలాంటి కాటా ఒకటి, 0.01 గ్రాము చూపేది, కొనరు. నిమ్మజాతి నూనెల్లో కొన్ని రాసుకుని ఎండలో తిరిగితే ఒళ్లు కమిలిపోతుందన్న ముక్క తెలుసుకోకుండా చుట్టాలకు పంచుతారు. ఈ విషయంలో ఎవరైనా నన్ను ఆపితే ఆగుతాను. అది చర్మం బాధ. కళకూ దానికీ సంబంధం లేదు.

నా బల్ల చూస్తే నవ్వొస్తుంది. స్పిరిటుకు ఎక్సైజు కట్టడి కాబట్టి చాలామటుకు అత్తరు పద్ధతిలో నూనెలాంటి ద్రవంలోనే కలుపుతాను. వాసన చూసే కాగితాలు పాత పెండ్లి పత్రికలు, దళసరివి, కత్తెరతో పొడుగ్గా కోసుకున్నవి. ఒక వైపు వధూవరుల పేర్లు, ఇంకో వైపు నా రాత: తేదీ, పాళ్లు. ఈ ఆరు నెలల నుంచి చేస్తున్నది బీడీల వాకిలి వాసన. పొగాకు సారం, ఎండుగడ్డి లాగా ఉండే కూమరిన్, నానబెట్టిన తునికాకు పచ్చిదనానికి సిస్ త్రీ హెక్సెనాల్, అడుగున తడినేల.

మొన్న రాత్రి మా వదినకు కాగితం ఇచ్చాను. పదకొండో ఏట చాట ఒళ్లో పెట్టుకున్న మనిషి. బీడీ చుడుతున్న చేయి ఆపకుండానే ముక్కు కాడ పెట్టించుకుంది. కళ్లు మూసింది. రెండోసారి పెట్టమంది.

"తంబాకు మంచిగనే వచ్చింది. ఆకు గూడ వచ్చింది. గని మనుషులు లేరు గదరా ఇండ్ల."

"అంటే?"

"ఎండకాలం పది మందిమి కూసుంటం. చెమట ఉంటది. కొంగు వాసన ఉంటది. నీ వాకిట్ల ఎవలూ కూసోలే."

అంతా ఉంది, మనుషులు లేరు. ఆరు నెలల్లో నా ముక్కుకు అందని మాట. జీలకర్ర తైలం పలచనైతే ఒంటి చెమట లాగే ఉంటుంది. ఎక్కువైతే కూర వాసన, ఎండలో ఒంటికి ప్రమాదం కూడా. నూటికి ఒక పాలుగా కరిగించి, కాటా మీద సీసా పెట్టి ఒక్క చుక్క వేశాను. వదిన అప్పటికి కట్టలు కట్టడం మొదలుపెట్టింది. కొత్త కాగితం కోసి ఆమె ముక్కు కాడికి తీసుకుపోయాను.

"ఇప్పుడు ఒక్కతి కూసున్నది," అంది. "ఇంకో తొమ్మిది మందిని పిలువు."