వాక్యము – సంసారము: ఏ ఊరి సూర్యుడు?



సూర్యుడు అస్తమించేలోగా కోపం విడిచిపెట్టమంటుంది ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయం, 26వ వచనం. భర్త ఇక్కడ కువైట్‌లో, భార్య ఊళ్లో. మనకంటే ముందే అక్కడ పొద్దుగూకుతుంది. మరి ఏ ఊరి సూర్యుడు లెక్క? ఆమె ఊరిదే అంటాను. ఫోను కోసం కాచుకొని కూర్చునేది ఆమె గనుక.

కిందటి నెల డబ్బు తక్కువ పంపాను. మాట పెరిగింది. స్నేహితునికి అప్పిచ్చిన సంగతి దాచి, కోపం మానుకోమని ఆమెకే బోధించాను! అబద్ధం మాని నిజం చెప్పమనే 25వ వచనం దాటేసి.

మూడు రోజులు ఫోను లేదు. శుక్రవారం ఆరాధన నుండి వచ్చి అంతా చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు.

"ఎంతిచ్చారు?" అన్నది.