చలికాలం ముందు స్ట్రాబెర్రీకి కత్తెర పెట్టొద్దు



ఈ మధ్య ఫోన్లలో ఒక వీడియో తెగ తిరుగుతా ఉంది. చలికాలం వచ్చేలోపల స్ట్రాబెర్రీ ఆకులన్నీ కోసేసి, పైన గడ్డి కప్పమని. హార్స్లీ హిల్స్ చల్లదనం చూసి, కొండ కింద బి.కొత్తకోట పక్క నాలుగు బోదెలు వేసి చూద్దామనుకుంటున్న పిల్లోళ్లు నన్ను కూడా అడిగినారు. నా మాట ఒకటే. మన దగ్గర ఆ పని చేయొద్దండి.

ఆ వీడియోలు చలిదేశాలవి. అక్కడ స్ట్రాబెర్రీ జూన్ ప్రాంతంలో కాస్తుంది. కాపు అయిపోగానే ముసలి ఆకులు కోస్తారు. మంచు పడేలోగా మొక్క మళ్లీ చిగురేసి బలం పుంజుకుంటుంది. తర్వాత నేల గడ్డకట్టే చలికి మొవ్వు చచ్చిపోకుండా గడ్డి కప్పుతారు. అక్కడ కూడా ఆకు కోసేది కాపు తర్వాతే గానీ చలి ముంగిట్లో కాదు, చూడండి. వీడియో చేసినాయన రెండు పనులనూ ఒకటిగా కలిపేసినాడు.

మన దేశంలో లెక్కే వేరు. మహాబలేశ్వరంలో సెప్టెంబరు, అక్టోబరులో నాటి డిసెంబరు నుంచి మార్చి దాకా పండు కోస్తారు. మన రాష్ట్రంలో లంబసింగిలో కూడా జనం మంచు చూసేదానికి పోయే నెలల్లోనే తోటల్లో పండు ఉంటుంది. పొద్దు తగ్గి, రాత్రిళ్లు చల్లబడితేనే ఈ రకాలు మొగ్గ కడతాయి. అంటే చలికాలం మన మొక్కకు కష్టపడి పనిచేసే కాలం. అప్పుడు ఆకు కోస్తే అన్నం ఉడికేటప్పుడు పొయ్యి ఆర్పినట్టే.

మనకు ఇంకో ఇబ్బంది ఉంది. మహాబలేశ్వరం 4,400 అడుగుల ఎత్తు. హార్స్లీ హిల్స్ కూడా 4,000 పైనే. మన చేన్లు ఉండేది కొండ మీద కాదు కదా! మదనపల్లె 2,200 అడుగులు దాటి కొంచెం. మార్చి వచ్చిందంటే ఎండ మొదలు. ఉండేదే మూడు నెలల కాపు, అందులో ఆకు మళ్లీ వచ్చేదానికి ఒక నెల పోగొట్టుకుంటే ఏం మిగుల్తుంది? ఎకరాకు 20 వేలకు పైగా మొక్కలు డబ్బు పెట్టి తెచ్చుకోవాల్సిన పంట ఇది.

ఇదేమీ మనకు తెలియని విద్య కాదు. పలమనేరు, కుప్పం పక్క పట్టు రైతును అడగండి, పురుగులకు ఆకు ఏ రోజు కావాలో దాన్నిబట్టి వెనక్కి లెక్కేసుకుని మల్బరీ కొడతాడు. తోతాపురి మామిడికి కాయ దించినాక కొమ్మలు తీస్తాం. నవంబరులో రంపం పట్టుకుని మామిడితోటలోకి పోతే మీ నాయనే తిడతాడు, పూతకొచ్చే కొమ్మ పోతుందని. స్ట్రాబెర్రీ అనే పేరు కొత్తగా ఉండేసరికి ఈ తెలివంతా పక్కనపెట్టి వీడియో చెప్పినట్టు ఆడుతున్నాం.

అట్లని కత్తెర అటకెక్కించమని చెప్పను. వారానికోసారి తిరిగి ఎండిన ఆకులు, మచ్చలు పడినవి, నేలకు ఆనుకున్నవి తీసి చేను బయట పారేయండి. లేకుంటే మంచు తడికి బూజు పట్టి పండుకు అంటుకుంటుంది. పిల్ల తీగలు లేస్తే చిన్నప్పుడే తుంచేయండి, తల్లి తిండి అవి తినేస్తాయి. మొవ్వుకు కత్తెర తగలకూడదు, మట్టి ఎక్కకూడదు. పచ్చగా బాగున్న ఆకును ముట్టుకోవద్దు. గడ్డి వేసేదైతే మొక్క మీద వద్దు, మొక్క కింద వేయండి, పండు మట్టికి ఆనకుండా. మల్చింగ్ షీటు పరిచినోళ్లకు అదీ అక్కర్లేదు.

కాపు అంతా అయిపోయినాక, వచ్చే ఏటికి నారు దాచుకోవాలనుకునేవాళ్లు అప్పుడు కోయండి ముసలి ఆకులు. తెగులు లేని మొక్కలు కొన్ని ఏరి షేడ్ నెట్ కిందికి మార్చి, ఎండాకాలం తడి ఆరకుండా చూసుకోండి. వానలు పడినాక పిల్ల తీగలు సాగుతాయి, వాటిని మాత్రం తుంచొద్దు.