టూర్‌కి ఏ రీలు?

రీలు అనగానే ఇప్పుడు అందరికీ ఫోన్లో వీడియోనే గుర్తొస్తుంది. నేను చెప్పేది చిన్న డబ్బాలో చుట్టి వచ్చే 35 ఎంఎం రీలు సంగతి. బీరువా మీద పడి ఉన్న నాన్నగారి కెమెరా దుమ్ము దులిపి హాస్టల్‌కి తెచ్చుకున్నవాళ్ళు మన బ్యాచ్‌లోనే నలుగురైదుగురున్నారు. టూర్ అనగానే వాళ్ళ మధ్య మొదలయ్యే గొడవ ఒకటే, ఏ కలర్ ఫిల్ము తీసుకెళ్ళాలి అని.

నా ఓటు 400 ఐఎస్ఓ కలర్ నెగెటివ్‌కి. ట్రిప్ మొత్తానికి అదొక్క రకమే.

ఎండకి ఒకటి, నీడకి ఒకటి అని మూడు రకాలు సంచిలో వేసుకోమనే సీనియర్లున్నారు. రెండు కెమెరాలుంటే సరే. ఒక్క కెమెరా ఉన్నవాడికి 36 ఫ్రేములు అయ్యేదాకా లోపలున్న రీలే గతి. లేపాక్షి వెళ్ళారనుకోండి. మిట్టమధ్యాహ్నం నంది మీద ఎండ భగ్గుమంటుంటుంది. కాస్త నడిచి గుడి మండపంలోకి వెళ్ళి పైకప్పు బొమ్మల వైపు తలెత్తితే అంతా మసక. ఈ రెండు వెలుగుల మధ్య తేడా ఎనిమిది, పది స్టాపులు ఉండొచ్చు. స్టాపు అంటే రెట్టింపు కదా, పది స్టాపులంటే 1024 రెట్లు! ఆ మసకలో 400 ఫిల్ముతో లెన్సు ఎఫ్/2 దగ్గర తెరిస్తే సెకనులో 30వ వంతు షట్టర్ సరిపోయే చోట, 100 ఫిల్ముకి ఎనిమిదో వంతు కావాలి. అంతసేపు చెయ్యి కదలకుండా పట్టుకోగలిగితే మీకో దండం.

స్లైడ్ ఫిల్మే అసలైనది అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. రఘుబీర్ సింగ్ మన దేశం రంగుల్ని కొడాక్రోమ్ స్లైడ్ల మీదే పట్టుకున్నాడు. చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ కొడాక్రోమ్ తయారీ 2009లోనే ఆగిపోయింది. ఇప్పుడు దొరికే స్లైడ్లలో ఎక్స్‌పోజరు అర స్టాపు ఎక్కువైతే చాలు, ఆకాశం తెల్లకాగితం అయిపోతుంది. రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి మామూలు నెగెటివ్‌కే వెయ్యి రూపాయలు దాటిపోతున్నాయి. స్లైడ్ అయితే ఇంకా ఎక్కువ. నెల చివర్లో మెస్ బయట టిఫిన్ మానేసి దాచిన డబ్బు అది. తప్పు చేస్తే క్షమించే ఫిల్ము మనకి కావాలి. నెగెటివ్ రెండు స్టాపులు ఎక్కువ వెలుగు పడినా తట్టుకుంటుంది. తక్కువ పడితే మాత్రం నీడలు బురద బురదగా వస్తాయి.

ఇంకో మాట. ఇంటర్నెట్‌లో శాంపిల్ ఫోటోలు చూసి "ఈ రంగులు కావాలి" అని ఫిల్ము కొనేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. నెగెటివ్ నారింజ రంగులో ఉంటుంది. దాన్ని తిరగేసి రంగులు సరిచేసేది స్కానర్, దాని ముందు కూర్చున్న మనిషి. ఒకే రీలు రెండు ల్యాబుల్లో స్కాన్ చేయిస్తే రెండు రకాల సాయంత్రాలు వస్తాయి. అందుకే పోర్ట్రా 400 కోసం అప్పు చేయనక్కర్లేదు, అల్ట్రామ్యాక్స్ 400 చాలు అంటాను. చర్మపు రంగు పోర్ట్రాలో మెత్తగా వస్తుంది, ఒప్పుకుంటా. అక్క పెళ్ళికి కొనండి. బీచ్‌లూ కొండలూ తప్ప గుళ్ళూ గుహలూ లేని ట్రిప్ అయితే గోల్డ్ 200 కూడా బాగానే ఉంటుంది.

400తో ఒక చిక్కుంది, దాచను. మన మే నెల ఎండలో సెకనులో 500వ వంతు, ఎఫ్/16 పెట్టాలి. పాత కెమెరాల్లో చాలావాటికి షట్టర్ 1000వ వంతు దగ్గర ఆగిపోతుంది. వెనకాల మసకబారిన ఫోటోలు పగలు కుదరవు. టూర్‌లో మనకి ఊరు కనబడాలి గానీ మసక ఎందుకు?

రీలుని బైకు ట్యాంక్ బ్యాగులో, బస్సు కిటికీ పక్కన ఎండలో వదలకండి, వేడికి రంగులు మారతాయి. విమానంలో వెళ్ళే అదృష్టవంతులు స్కానర్‌లో పెట్టకుండా చేత్తో చూడమని అడగండి. ఇక ఎండలో ఉన్నంతసేపూ కెమెరా డయల్‌ని 400 బదులు 200 దగ్గర పెట్టండి, ఒక స్టాపు ఎక్కువ పడుతుంది. గుళ్ళోకి వెళ్ళేటప్పుడు మళ్ళీ 400కి తిప్పండి.