రక్తం మనది, రిపోర్టు ఎవరిది?



మూడు ప్రశ్నలు అడుగుతా. ఎవరి గూడెం సంగతి వాళ్లు గుర్తు తెచ్చుకోండి.

మీ ఊరికి ఇప్పటిదాకా ఎన్ని సర్వేలు వచ్చాయి? వేలికి సూది గుచ్చి రక్తం చుక్క తీసుకెళ్లినవాళ్లు, పిల్లల బరువు తూచినవాళ్లు, జబ్బకి టేపు చుట్టి కొలిచినవాళ్లు, డబ్బాల్లో తెమడ పట్టుకుపోయినవాళ్లు... అందర్నీ లెక్కేయండి. వాళ్లలో ఎంతమంది తిరిగొచ్చి "మీ ఊళ్లో మాకు తెలిసింది ఇదీ" అని చెప్పారు? వాళ్లలో కోయ, గోండి, కువి, సవర, కొలామీ మాట్లాడేవాళ్లు ఎంతమంది?

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా ఊరికి ఓ బృందం వచ్చింది. ఫారం ఇంగ్లీషులో ఉంది. మా ముసలోళ్లు వేలిముద్రలు వేశారు. "ఫలితాలు ఎప్పుడు చెప్తారు సార్?" అని అడిగితే, "అది పేపర్లో పబ్లిష్ అవుతుంది" అన్నారు. ఏ పేపరో, ఏ భాషలోనో, ఎన్నేళ్లకో చెప్పలేదు. నా డిగ్రీ అయిపోయింది. ఆ పేపరు మా ఊరికి ఇంతవరకూ రాలేదు.

ఇదేదో మా ఒక్క ఊరి కథ అనుకోకండి. ఈ వ్యాసం రాయడానికి కారణం వేరే ఉంది. మనం పోడు పట్టాల కోసం కొట్లాడతాం, ఐటీడీఏ ముందు ధర్నాకి కూర్చుంటాం, ఉద్యోగాల రోస్టర్ గురించి నిలదీస్తాం. కానీ మన జబ్బుల మీద పరిశోధన ఎవరు చేస్తున్నారు, ప్రశ్న ఎవరు రాస్తున్నారు, జవాబు ఎవరి దగ్గర ఉంటోంది అని మాత్రం అడగట్లేదు. అడగాలి. అడిగి ఊరుకుంటే సరిపోదు, ఆ పనిలోకి మనమే పోవాలి. నా వాదన ఇదే.

ముందు లెక్కలు చూడండి. ఆదివాసుల ఆరోగ్యంపై కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. డాక్టర్ అభయ్ బంగ్ దాని అధ్యక్షుడు. దేశ జనాభాలో మనం ఎనిమిది శాతం పైచిలుకు. మలేరియా కేసుల్లో మన వాటా 30 శాతం. ప్రాణం తీసే ఫాల్సిపారం మలేరియాలో 60 శాతం పైనే. మలేరియా చావుల్లో సగం. క్షయ దేశం మొత్తమ్మీద లక్షకి 256 మందిలో ఉంటే, మనలో లక్షకి 703 మందిలో ఉందని అదే నివేదిక చెప్పింది. అంటే ఈ దేశంలో అంటురోగాల మీద జరిగే పరిశోధనకి మన ఒళ్లే పెద్ద పుస్తకం. ఆ పుస్తకం చదివేవాళ్లలో, దాని మీద పేరు వేసుకునేవాళ్లలో మనం ఎక్కడున్నాం?

ఇప్పుడు భద్రాచలం దగ్గరికి రండి. తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఈ విషయం తెలియకపోవచ్చు, అప్పటికి చాలా చిన్నపిల్లలు. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైంది. దాదాపు 14 వేలమంది పిల్లలు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. అందులో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయాక గొడవ లేచింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా చెడ్డదని నేను అనట్లేదు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌ను ఆపే టీకా అది, చాలా దేశాల్లో వేస్తున్నారు. మన ఆడబిడ్డలకూ కావాల్సిందే. నా గొడవంతా సంతకం గురించి. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు. ఇంకో 1,948 మీద వేలిముద్రలు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది. అన్నం పెట్టే వార్డెన్ తల్లీ కాదు, తండ్రీ కాదు. పిల్ల ఒంటి మీద హక్కు ఆయనకి ఎవరిచ్చారు? దగ్గర్లోని గూడెంలోనే ఉన్న అమ్మానాన్నల దగ్గరికి పోయి వాళ్ల భాషలో పది నిమిషాలు చెప్పడానికి ఎవరికి బరువైంది?

ఈ మాట ఎత్తగానే మనలోనే కొందరు అంటారు: "అందుకే అన్నా, ఇక ఏ పరిశోధనవాళ్లనీ ఊళ్లోకి రానీయొద్దు. తరిమేద్దాం." ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ నేను ఒప్పుకోను. తరిమేస్తే వాళ్లకి పోయేదేముంది? ఇంకో జిల్లాకి పోతారు. జ్వరం మాత్రం మన దగ్గరే ఉంటుంది. పరిశోధన లేని చోట మందు ఎంత వేయాలో, ఎవరికి పడదో, ఏ కాలంలో దోమ ఎక్కడ గుడ్లు పెడుతుందో ఎవరికీ తెలీదు. తెలియనితనం కూడా మనల్నే చంపుతుంది.

ఇంకొందరు అంటారు: "పరిశోధన మనకెందుకు తమ్ముడూ, డీఎస్సీ రాసుకో, కానిస్టేబుల్‌కి పరిగెత్తు, గ్రూప్స్ కొట్టు." అవి వద్దని కాదు. ఇంట్లో ఒక్క జీతం వస్తే నలుగురు నిలబడతారు, నాకూ తెలుసు. కానీ తరం మొత్తం మూడు నోటిఫికేషన్ల చుట్టూనే తిరగాలని ఎవరు రాసిపెట్టారు? బైపీసీ చదివిన ఆదివాసీ పిల్లకి ఏఎన్ఎం దాకే దారి చూపించి, "మీకు ఇది చాలు" అనేవాళ్లని నేను నమ్మను. ఏఎన్ఎం అక్కలు, ఆశా అక్కలు లేకపోతే ఏజెన్సీలో ఒక్క రక్తపూత కూడా ల్యాబ్‌కి చేరదు. మోసేది వాళ్లు. మరి ఆ లెక్కల మీద ఆలోచించే కుర్చీలో వాళ్ల బిడ్డ ఎందుకు ఉండకూడదు?

ఈ చరిత్ర మన పక్కనే మొదలైంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ దోమలకి రక్తం ఇచ్చిన రోగి పేరు హుసేన్ ఖాన్. ఒక్కో దోమ కాటుకి ఒక అణా ఇచ్చారు. బహుమతి ఒకరికి, అణాలు ఒకరికి. నూట పాతికేళ్లు దాటినా మనం ఇంకా అణాల వరసలోనే నిలబడి ఉన్నాం.

వరస మారినచోట్లు ఉన్నాయి. అమెరికాలో నవాహో ఆదివాసులున్నారు. వాళ్లలో అన్నీ డాడ్జ్ వానెకా అనే ఆమె 1951లో తెగ కౌన్సిల్‌కి ఎన్నికైంది. అప్పుడు నవాహోలని క్షయ తినేస్తోంది. జనం ఆసుపత్రికి పోవడానికి భయపడేవాళ్లు, చేరినవాళ్లు మధ్యలో పారిపోయేవాళ్లు. నవాహో భాషలో క్రిమికి మాట లేదు. ఆమె డాక్టర్ల దగ్గర కూర్చుని జబ్బు గురించి నేర్చుకుంది. వైద్యం మాటలకి నవాహోలో మాటలు కూర్చి నిఘంటువు తయారుచేయించింది. ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. తర్వాత తనే యూనివర్సిటీలో ప్రజారోగ్యం చదివి డిగ్రీ తీసుకుంది. 1963లో ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం ఆమెకిచ్చారు. మందు డాక్టర్లు తెచ్చారు, నిజమే. ఆ మందు గొంతు దిగేలా చేసింది తెగ మనిషి.

అదే అమెరికాలో హవాసుపాయి ఆదివాసుల కథ చూడండి. షుగర్ జబ్బు మీద పరిశోధన అని చెప్పి 1990ల్లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీవాళ్లు రక్తం తీసుకున్నారు. ఆ రక్తాన్నే మతిస్థిమితం జబ్బుల మీద, తెగ ఎక్కడి నుంచి వలస వచ్చిందనే దాని మీద వాడుకున్నారు. హవాసుపాయిలు కోర్టుకెక్కారు. 2010లో యూనివర్సిటీ 7 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకుని, మిగిలిన రక్తం వెనక్కిచ్చింది. వాళ్లు ఆ రక్తాన్ని సొంత నేలకి తీసుకుపోయారు. దక్షిణాఫ్రికాలో సాన్ ప్రజలు 2017లో తమ దగ్గరికి వచ్చే పరిశోధకులకి తామే నియమాలు రాసిపెట్టారు. అంటే అడిగినవాళ్లకి దక్కింది. అడగాలంటే ఆ పని లోపలి సంగతి తెలిసినవాళ్లు మనలో ఉండాలి.

"మన దగ్గర ఏముంది, వాళ్లకి తెలియనిది?" అంటారా? చాలా ఉంది. వైవాక్స్ మలేరియాకి ప్రిమాక్విన్ 14 రోజులు మింగాలి. మూడో రోజుకి జ్వరం తగ్గితే మనోళ్లు మాత్ర ఆపేస్తారు. ఎందుకు ఆపుతారో, ఎవరు చెప్తే వింటారో కనుక్కోవడం పరిశోధన. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్నవాళ్లకి అదే మాత్ర రక్తాన్ని విరిచేస్తుంది. ఆ లోపం కొన్ని ఆదివాసీ తెగల్లో ఎక్కువ. మన తెగలో ఎంతమందికి ఉందో లెక్క తీయడం పరిశోధన. దోమతెర ఇంట్లో కట్టి ఉంటుంది, కానీ పంట కాపలాకి మనిషి పోడు చేలో మంచె మీద పడుకుంటాడు. కొండవాగు అంచున పెరిగే దోమ అక్కడే కుడుతుంది. పట్నం నుంచి పగలొచ్చి పగలే పోయే సర్వేకి ఈ సంగతి దొరకదు. మీకు దొరుకుతుంది, ఎందుకంటే ఆ మంచె మీద పడుకున్నది మీ నాన్న.

గడ్చిరోలి మనకి గోదావరి అవతలే. అక్కడ రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసికందుల వైద్యం నేర్పించారు. పసిబిడ్డల చావులు సగం పైనే తగ్గాయి. ఆ ఫలితం 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇవాళ ఆశా అక్క బాలింత ఇంటికి వచ్చి బిడ్డని చూసే కార్యక్రమానికి మూలం అదే. ఊళ్లో పుట్టిన పరిశోధన దేశం విధానమైంది.

"ఎంబీబీఎస్ సీటు రాలేదు, ఇక మనకేం దారి?" అనుకునేవాళ్లకి ఒక మాట. మలేరియాకి ఇవాళ వాడే ఆర్టెమిసినిన్ మందుని కనిపెట్టిన చైనా శాస్త్రవేత్త తూ యూయూ ఫార్మసీ చదివింది. పీహెచ్‌డీ లేదు. ఓ మొక్క గురించి పాత వైద్యగ్రంథంలో ఉన్న మాట పట్టుకుని వెతికింది. 2015లో నోబెల్ వచ్చింది. మనలో బీఫార్మసీ, బీఎస్సీ, డీఎంఎల్‌టీ చదివినవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. ఈ రంగంలో డాక్టర్ ఒక్కడే ఉండడు. జబ్బు ఎలా పాకుతుందో లెక్కగట్టే ఎపిడెమియాలజిస్టు ఉంటాడు, దోమల్ని చదివే ఎంటమాలజిస్టు ఉంటాడు, అంకెలు చూసే స్టాటిస్టిక్స్ మనిషి, జనం నమ్మకాలు చదివే ఆంత్రోపాలజిస్టు కూడా ఉంటారు.

దారులు రాసుకోండి. ఎంపీహెచ్ అనే ప్రజారోగ్యం పీజీ రెండేళ్లు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, ముంబై టిస్‌లో ఉంది, చెన్నైలో ఐసీఎంఆర్ వారి జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలో ఉంది. కొన్నిచోట్ల వైద్యం చదవనివాళ్లకీ అవకాశం ఉంది, అర్హత నోటిఫికేషన్‌లో చూసుకోండి. దోమల శాస్త్రానికి పుదుచ్చేరిలో వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ ఉంది. పీహెచ్‌డీ చేసే ఎస్టీ విద్యార్థులకి కేంద్ర గిరిజన శాఖ ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. విదేశాల్లో చదువుకి ఏటా 20 స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకి 37 వేలు. అంటే పరిశోధన చేస్తూ ఇంటికి కొంత పంపగలరు.

తీపి మాటలు చెప్పను. ఈ దారి పొడవు. పీహెచ్‌డీ ఐదారేళ్లు పడుతుంది. చాలా ప్రాజెక్టు ఉద్యోగాలు కాంట్రాక్టువే, ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగం ముగుస్తుంది. ఫెలోషిప్ డబ్బులు నెలలు ఆలస్యమైతే ఇంట్లో అప్పు పుడుతుంది. పై కులాల పిల్లలకి ఇంట్లో ఎవరో ఒకరు ప్రొఫెసర్ ఉంటారు, ఏ గైడ్ దగ్గరికి పోవాలో చెప్తారు. మనకి చెప్పేవాళ్లుండరు. అందుకే ఇది ఒంటరిగా గెలిచే పని కాదు, సంఘంగా డిమాండ్ చేయాల్సిన పని.

మన డిమాండ్లు ఇవి:

ఏజెన్సీలో జరిగే ప్రతి ఆరోగ్య పరిశోధనకి అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీలో ఆ ప్రాంతపు ఆదివాసీ సభ్యురాలో సభ్యుడో ఉండాలి.

అంగీకార పత్రం మన భాషలో చదివి వినిపించాలి. పిల్లల విషయంలో తల్లిదండ్రులే సంతకం చేయాలి, వార్డెన్లు కాదు.

పని మొదలయ్యే ముందు గ్రామసభకి చెప్పాలి. అయిపోయాక ఫలితం గ్రామసభకే ముందు చెప్పాలి. భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని పెసా చట్టం చెప్తోంది. మట్టికున్న ఆ మర్యాద మన రక్తానికి ఉండొద్దా?

ఏజెన్సీ ప్రాజెక్టుల్లో మన పిల్లల్ని దుబాసీలుగా రోజుకూలీకి పెట్టుకోవడం ఆపాలి. పరిశోధక పోస్టుల్లో తీసుకోవాలి, పేపర్లో పేరు వేయాలి.

గిరిజన గురుకులాల్లో, డిగ్రీ కాలేజీల్లో నీట్ కోచింగ్‌తో పాటు ఎంపీహెచ్, జేఆర్‌ఎఫ్ ప్రవేశ పరీక్షలకీ కోచింగ్ పెట్టాలి.

చివరిగా చదువుతున్న నీతోనే మాట్లాడతా, చెల్లీ, తమ్ముడూ. వచ్చే వానాకాలం కూడా జ్వరాలు వస్తాయి. డబ్బాలు పట్టుకుని ఎవరో ఒకరు మన ఊరికి వస్తారు. అప్పుడు ఫారం అడిగి తీసుకో, చదువు, అర్థంకానిది నిలదీసి అడుగు. ఫోన్ నంబరు రాసుకుని ఆరు నెలలకి ఫలితం అడుగు. ఇవి ఈ సంవత్సరం చేయాల్సిన పనులు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు మీ సబ్జెక్టు, మార్కులు కింద రాయండి. ఎవరు దేనికి అప్లై చేయొచ్చో మనమే కూర్చుని చూద్దాం.

మన జ్వరానికి ప్రశ్న మనమే రాద్దాం.

జై ఆదివాసీ!