కొండదారి ఎంపిక

కొండల నడుమ ఒక్క దినములో నడచి రాదలచినవారు తరచుగా శిఖరమునో జలపాతమునో జూచి దారి నెన్నుకొందురు. ఛాయాచిత్రములో జలపాతము కానవచ్చును గాని, సాయంకాలమున తిరిగివచ్చు బాట కానరాదు. దారి నెన్నుకొనువారు ముందుగా లెక్కింపవలసినవి వెలుతురున్న గడియలు. ఎత్తును దూరమును ఆ పిమ్మటనే.

శేషాచలమునే చూడుడు. తిరుమల చేరుటకు ప్రసిద్ధమైన మెట్లదారులు రెండు గలవు. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు; మెట్లు దాదాపు 3,550. శ్రీనివాసమంగాపురము వైపునుండి పోవు శ్రీవారిమెట్టు దారి సుమారు 2 కిలోమీటర్లు మాత్రమే; మెట్లు దాదాపు 2,400. ఈ లెక్క విన్న బాలుడు రెండవదే సులభమనును. కాని రెండు దారులును చేరునది ఒకే కొండపైకి. పొట్టిదారి ఆ యెత్తునంతయు స్వల్పదూరములోనే ఎక్కింపవలెను గనుక కాళ్లకు తెరపి యుండదు. అలిపిరి దారియో, గాలిగోపురము వరకు రొప్పించి, అటుపై చాలదూరము ఇంచుమించు చదునుగా సాగి, మోకాళ్లపర్వతమున మరల పరీక్షించును. ఆ చదునైన చోటనే నడచువాడు తలయెత్తి చెట్లను జూడగలడు. అడవిని చూడవలెనను కోరిక గలవానికి పొడవుదారియే మేలు.

వానకాలమున కొండలు సొంపుగా నుండునను మాట నిజమే. ఆ సొంపును దెచ్చు నీరే బండలనుగూడ దొర్లించును. 2021 నవంబరు వానలకు శ్రీవారిమెట్టు దారి పాడయి, 2022 మే నెలవరకు మూతబడి యుండెను.

ఇక వేళ సంగతి. 2023 ఆగస్టులో అలిపిరి దారిపై రాత్రివేళ ఒక చిన్న బాలిక చిరుతపులి వాతబడినది. అంతట 15 ఏండ్లలోపు పిల్లలను మధ్యాహ్నము 2 గంటల పిదప మెట్లదారులపై పోనీయరాదని దేవస్థానమువారు కట్టడి చేసిరి. ఉత్సాహవంతులకు ఇది అడ్డంకివలె తోచవచ్చును. కాని చిరుత ఆ యడవికి క్రొత్తగా వచ్చినది కాదు. చీకటిపడిన పిమ్మట అది తిరుగాడుటయు వింత గాదు.

అదే కొండల వరుసలోని తలకోన జలపాతము 270 అడుగుల ఎత్తునుండి పడును. వేసవిలో ధార సన్నగిల్లును. వానలు వెలిసిన పిమ్మట నిండుగా నుండును. ప్రొద్దెక్కి బయలుదేరినవాడు అచ్చట నీటికంటె గడియారమునే ఎక్కువగా చూచును. తెల్లవారగనే బయలుదేరినవారికో, పొడిబండపై కూర్చుండి, అన్నపుమూట విప్పి, దానికొరకు కోతులతో కొంతసేపు పోరాడుటకుగూడ తీరిక దొరకును.